ఓ నెగెటివ్ పేజీలో నా పేరు

నా జీవితంలో నేను తిన్న టిఫిన్లన్నీ వరసగా పేర్చుకుంటూ పోతే రాజమండ్రిలో మొదలై కోటిపల్లి రేవు దాకా వస్తాయని మా ఇంట్లో ఒక అంచనా ఉంది. అన్నీ తిన్నాను, చేతులు కడుక్కున్నాను, మరిచిపోయాను. ఒక్క ఉప్మా పెసరట్టు మాత్రం పాతికేళ్ళు దాటినా అరగలేదు. దాన్ని నాకు తినిపించినవాడు మండపేటలో ఒక రైసు మిల్లులో బస్తాలు మోసే మనిషి. ఎందుకు తినిపించాడో చెప్పాలంటే ముందు మా క్లబ్బు సంగతి చెప్పాలి.

తొంభైల మొదట్లో మాట ఇది. మండపేటకీ రాజమండ్రికీ మధ్య కాలవ గట్టు మీద ఉంటుంది మా ఊరు. నాకక్కడ చిన్న ప్రెస్సు ఉండేది. కాలితో తొక్కే మిషను, నాలుగు అరల సీసపు అక్షరాలు, అంతే ఆస్తి. ఆ మిషను నడుస్తున్నంతసేపూ పక్కవీధిలో గేదెలు పాలు చేపడం లేదని పంచాయతీకి ఫిర్యాదు వెళ్ళింది. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, సినిమా హాలు టిక్కెట్లు అన్నీ నేనే అచ్చువేసేవాణ్ణి. ఊళ్ళో నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ నేను ‘ప్రెస్సు గారు’.

మా ఊరి సేవాక్లబ్బులో ఉన్నవాళ్ళు మిల్లు యజమానులు, డాక్టర్లు, ఎరువుల వ్యాపారులు. నెలకి రెండుసార్లు సమావేశం. అధ్యక్షుల వారు ఒక ఇత్తడి గంట కొట్టగానే అందరూ గంభీరంగా కూర్చునేవారు. ఆ గాంభీర్యం వంటింట్లోంచి గారెల వాసన వచ్చేదాకా ఉండేది. నన్ను చేర్చుకుని ‘బులెటిన్ ఎడిటర్’ అనే పదవి ఇచ్చారు. ఆహ్వాన పత్రికలు ఊరికే అచ్చువేసేవాడని దానికి అర్థం. చొక్కాకి పెట్టుకోమని ఒక బిళ్ళ కూడా ఇచ్చారు. అది పెట్టుకుని మొదటిసారి వీధిలో నడిచినప్పుడు మా ఇంటి ముందు కుక్క లేచి నిలబడిందని మా ఆవిడ ఇప్పటికీ చెప్తుంది.

ఆ ఏడు మా క్లబ్బుకి గవర్నరు వస్తున్నాడని కబురొచ్చింది. రాజ్‌భవన్లో ఉండే గవర్నరు కాడు. క్లబ్బుల వ్యవహారంలో ప్రాంతానికి ఒకాయన్ని గవర్నరంటారు. ఆయన ఊరూరా తిరిగి, ఎవరు ఏం సేవ చేశారో చూసి మెచ్చుకుంటాడు, లేకపోతే మూతి ముడుచుకుంటాడు. అంతకుముందు ఏడు మేము బస్టాండులో వేయించిన సిమెంటు బెంచీ చూపిద్దామని ఆయన్ని తీసుకెళ్తే, దాని మీద ఎవరో మినప వడియాలు పెట్టి, ఎవరూ కూర్చోకుండా ఒక ముసలమ్మని కాపలా ఉంచారు. గవర్నరు గారు కూర్చోబోతే ఆవిడ కర్ర ఎత్తింది. ఆ అవమానం మా అధ్యక్షుల వారిని ఏడాదిపాటు తిన్నది తిననివ్వలేదు. తినడం మానేశారని కాదు. తిన్నది ఒంటబట్టలేదు.

“ఈసారి ఎవరూ వడియాలు పెట్టలేని సేవ చెయ్యాలండీ,” అన్నారాయన.

ఆలోచించి ఆలోచించి రక్తదాతల పుస్తకం వేద్దామన్నారు. ఊళ్ళో ఎవరిది ఏ గ్రూపు రక్తమో, పేరు, చిరునామా, ఫోను నంబరు అచ్చువేసి, మండపేట నుంచి రాజమండ్రి దాకా ఉన్న ఆసుపత్రులన్నిటికీ పంచిపెట్టాలి. ఎవరికి అవసరమొస్తే వాళ్ళు పుస్తకం తెరిచి దాతని పిలుచుకోవచ్చు. ఖర్చుకి మిల్లుల వాళ్ళ దగ్గరా షాపుల వాళ్ళ దగ్గరా ప్రకటనలు సేకరించాం. చందా అడిగితే లోపల పూజలో ఉన్నామని కబురంపేవాళ్ళు కూడా, ‘మీ మిల్లు బొమ్మ వేస్తాం’ అనగానే పూజ మధ్యలో లేచి వచ్చారు.

పుస్తకం ఆలోచన నిజంగా మంచిదే. చెడగొట్టింది మేము. ముఖ్యంగా నేను.

ఒక ఆదివారం హైస్కూల్లో శిబిరం పెట్టాం. రాజమండ్రి నుంచి ల్యాబు మనిషిని పిలిపించాం. ఆయన వేలి చివర సూదితో గుచ్చి, గాజు పలక మీద చుక్క వేసి, అందులో ఏదో మందు కలిపి గ్రూపు చెప్పేవాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆయన తెచ్చిన మందు అయిపోయింది. బయట క్యూ ఇంకా గేటు దాటి ఉంది. గవర్నరు రావడానికి పన్నెండు రోజులే టైముంది. అప్పుడు మా అధ్యక్షుల వారు ఒక తీర్మానం చేశారు. మిగిలినవాళ్ళని అడిగి రాసుకుందాం, అన్నారు.

అడిగాం. మనవాళ్ళకి తెలియదు అని చెప్పడం చిన్నతనం. గోత్రం చెప్పినంత ధీమాగా చెప్పారు. “మా నాన్నగారిది బి అండి, మా ఇంట్లో అందరిదీ అదే,” అన్నాడొకాయన. పప్పుల వ్యాపారి ఒకాయన మా జాబితా తీసుకుని చదివి, ఎక్కువమంది ఉన్న గ్రూపులో తన పేరు రాయమన్నాడు. తోడుంటుందట. అధ్యక్షుల వారు ‘ఎ’ గ్రూపు తప్ప ఇంకోటి ఒప్పుకోలేదు. “అధ్యక్షుణ్ణయి ఉండి రెండో అక్షరం ఏం బావుంటుందండీ?” అన్నారు. ఇవన్నీ నా చేత్తోనే రాసుకున్నాను. నవ్వుకుంటూ రాసుకున్నాను. అదీ నా తప్పే.

అసలు చిక్కు నెగెటివ్ అన్న మాట దగ్గర వచ్చింది. శిబిరంలో పరీక్ష చేస్తే నెగెటివ్ అని తేలినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. అచ్చులో ఆ మాట వేస్తానంటే ఒక్కరూ ఒప్పుకోలేదు. అందరికన్నా గట్టిగా ఎదురు తిరిగినవాడు ఎరువుల కొట్టు ఆయన. ఆయనకి గతంలో కాకినాడలో హెర్నియా ఆపరేషన్ అయింది. అప్పటి ల్యాబు చీటీ జేబులో పెట్టుకుని వచ్చాడు. ఓ నెగెటివ్ అని స్పష్టంగా ఉంది.

“ప్రెస్సు గారూ, మీరు ఓ పాజిటివ్ అని వెయ్యండి,” అన్నాడు.

“అదేంటండీ, చీటీలో వేరేగా ఉంది కదా?”

“వచ్చే నెల వర్తక సంఘం ఎన్నికలండి. నేను నిలబడుతున్నా. నెగెటివ్ అని అచ్చులో చూశారంటే అవతలి ప్యానెల్ వాళ్ళు ఊరుకుంటారా? ‘ఈయన ఒంట్లో పారే రక్తమే నెగెటివ్, ఇక సంఘాన్నేం నడుపుతాడు?’ అని కరపత్రం వేస్తారు.”

“అంత మాట ఎవరంటారండీ?”

“అంటారు. ఆ కరపత్రం కూడా మీ ప్రెస్సులోనే వేస్తారు. మీరు అచ్చువేసి పెడతారు కూడానూ.”

పాజిటివ్ అని రాసుకున్నాను.

ఇప్పుడు నా గ్రూపు సంగతి. నాకు సూది అంటే భయం. మామూలు భయం కాదు. కుట్టు మిషను పక్కనుంచి వెళ్ళాల్సివస్తే ఎదుటి అరుగెక్కి నడిచేవాణ్ణి. ఆ ఆదివారం శిబిరమంతా నేనే నిర్వహించాను, ఊరందరి వేళ్ళూ పట్టుకుని పలక దగ్గరికి నడిపించాను, నా వేలు మాత్రం జేబులోనే దాచుకున్నాను. నా ఒంట్లో పారేది ఏ గ్రూపో, అసలు రక్తమో సిరానో నాకే తెలియదు.

గ్రూపుకో పేజీ చొప్పున అక్షరాలు పేర్చుకుంటూ వస్తున్నాను. ఒక్కో పేజీకి ఎదురుగా ఒక మిల్లు ప్రకటన. చివరికి ఓ నెగెటివ్ పేజీ వచ్చింది. పైన శీర్షిక, కింద ఒక్క పేరు లేదు. దాని ఎదుటి పేజీలో మా అధ్యక్షుల వారి మిల్లు. ఆయన ప్రూఫు చూసి మొహం మాడ్చుకున్నారు.

“నా మిల్లు ఎదురుగా ఇంత తెల్లకాగితం ఏంటండీ? గవర్నరు గారు ఏమనుకుంటారు? ఊళ్ళో ఒక్కడికీ ఈ రక్తం లేదనుకోరూ?”

ఆ సాయంత్రం నేను నా పేరు పేర్చాను. కింద ‘ప్రెస్సు ప్రొప్రయిటరు’ అనీ, ఫోను నంబరూ వేశాను. ఆ గ్రూపు వాళ్ళు అవసరమైతే ఎవరికైనా ఇవ్వచ్చని మా క్లబ్బు డాక్టరు ఒకసారి చెప్పారు. ఎవరికైనా ఇచ్చేవాడు అనేసరికి దానకర్ణుడి చెవి కుండలాలు నా చెవులకి తగిలినట్టే అనిపించింది. గవర్నరు గారు వచ్చారు. పుస్తకం తిరగేశారు. ఓ నెగెటివ్ పేజీ దగ్గర ఆగి, వేదిక మీదే నన్ను లేచి నిలబడమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను. ఎరువుల కొట్టు ఆయన రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా కొట్టాడు, కానీ నా కళ్ళలోకి చూసి కొట్టాడు.

రెండు నెలలు గడిచాయి. వానాకాలం. కేబుళ్ళలో నీళ్ళు చేరి మా వీధి ఫోన్లన్నీ వారం రోజులుగా మూగబోయాయి. ఒక రోజు పొద్దున్న ఆరున్నరకి నేను వేపపుల్ల నములుతూ అరుగు మీద ఉంటే, తడిసి ముద్దయిన ఒకతను వచ్చి నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీ. సంచీలో మేము ఆసుపత్రికి పంచిన మా పుస్తకం.

“ప్రెస్సు బాబుగారు తమరేనాండి?”

“నేనేనయ్యా. ఏం పని?”

అతను పుస్తకం బయటికి తీసి, పేజీ తిప్పి, నా పేరు మీద వేలు పెట్టి చూపించాడు. ఆ వేలికి వడ్లపొట్టు అంటుకుని ఉంది.

“మా ఇంటిదానికి కడుపులో గడ్డండి. నెల నుంచీ రక్తం పోతూనే ఉందండి. నిన్న రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చామండి. ఒంట్లో రక్తం లేదు, ఎక్కిస్తే గానీ కోత పెట్టనన్నారండి పెద్ద డాక్టరు గారు. ఇదేదో దొరకని రక్తమంటండి. రాత్రి నుంచీ ఫోను చేస్తుంటే మోగట్లేదండి. పుస్తకంలో ఆ గ్రూపు వాళ్ళు ఒక్కళ్ళే ఉన్నారండి. తమరేనండి.”

నా నోట్లో వేపపుల్ల ఉంది. చేదు దానిదేనని నన్ను నేను నమ్మించుకున్నాను.

“పెద్ద డాక్టరు గారు కాకినాడ నుంచి వస్తారండి. పదకొండింటిదాకే ఉంటారంటండి,” అన్నాడతను.

అక్కడే, ఆ అరుగు మీదే, నేను చెప్పాల్సింది ఒకే ఒక్క మాట. నాది ఏ గ్రూపో నాకు తెలియదు, నిజంగా ఆ గ్రూపు ఉన్న మనిషి రెండు వీధులవతల ఎరువుల కొట్టులో ఉన్నాడు, పద, అని. రెండు నిమిషాల నడక. అంతలో మా ఆవిడ కాఫీ గ్లాసుతో బయటికొచ్చింది. విషయం విని నా వంక చూసింది. మొన్న గడ్డం గీసుకుంటూ చర్మం తెగితే గంటసేపు మంచమెక్కిన మనిషి, ఈవేళ ఒకరి ప్రాణం కాపాడబోతున్నాడు అన్న గౌరవం ఆ చూపులో ఉంది. పెళ్ళయిన ఆరేళ్ళలో అలా చూడడం అదే మొదలు.

“వెళ్ళిరండి,” అంది. “భయపడకండి. కళ్ళు మూసుకోండి.”

చొక్కా వేసుకుని బయల్దేరాను. బిళ్ళ కూడా పెట్టుకున్నాను. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, కానీ పెట్టుకున్నాను.

బస్టాండుకి వెళ్ళాలంటే ఎరువుల కొట్టు ముందు నుంచే దారి. ఆయన షట్టరెత్తి, అగరొత్తి వెలిగించి, యూరియా బస్తాలకి ధూపం వేస్తున్నాడు. వాన పడుతోంది. నేను గొడుగు అటువైపు వంచాను.

బస్సులో అతను నాకు కిటికీ పక్క సీటిచ్చి, తను నిలబడ్డాడు. రాజమండ్రి దాకా నేను దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. ఏమో, నిజంగానే నాది ఓ నెగెటివ్ అయి ఉండచ్చు కదా. కాకూడదని ఎక్కడ రాసుంది? అన్నవరం వెళ్తానన్నాను, ద్రాక్షారామం వెళ్తానన్నాను, పెద్దాపురం మరిడమ్మ తల్లికి చీర పెడతానన్నాను. ఒక్క చుక్క రక్తం మారడానికి అంతమంది దేవుళ్ళని ఒకేసారి కదిలించినవాడు గోదావరి జిల్లాల్లో ఇంకొకడు ఉండడు. కడియం దాటాక నాకు నమ్మకం కూడా కలిగింది. అబద్ధాన్ని అచ్చువేసినవాడే ముందు దాన్ని నమ్ముతాడు.

ఆసుపత్రిలో ఆవిడ వరండా చివర మంచం మీద ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. పెదాలు సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే లేవబోయింది, లేవలేక పడుకునే రెండు చేతులూ జోడించింది.

“మీ పేరు చూసే ధైర్యం తెచ్చుకున్నానండి,” అంది. ఆ నాలుగు మాటలకే ఊపిరాడలేదు ఆవిడకి. భర్త వైపు తిరిగి, “బాబుగారికి ఏమైనా పెట్టించావా? రక్తమిచ్చేవాళ్ళు ఖాళీ కడుపుతో ఉండకూడదంట. నర్సమ్మ చెప్పింది,” అంది.

“వద్దమ్మా, ముందు పరీక్ష చేయించుకుంటాను.”

“పరీక్షదేముందండి, పుస్తకంలో ఉందిగా. తిని రండి,” అందావిడ.

ఎదురుగా ఉన్న హోటల్లో అతను నన్ను ఫ్యాను కింద కూర్చోబెట్టి, ముందు నాలుగు ఇడ్లీలు తెప్పించాడు. తర్వాత ఉప్మా పెసరట్టు. తర్వాత కొబ్బరి బోండాం. తను ఎదురుగా నిలబడి ఒక్కొక్క ముక్కా నా నోట్లోకి పోవడం చూస్తున్నాడు. నేను తినే ప్రతి ముక్కా తిన్నగా వెళ్ళి తన పెళ్ళాం ఒంట్లో రక్తమైపోతుందని అతని లెక్క.

“నువ్వు తినవేంటయ్యా?”

“నాకేమొద్దండి. తమరు ఇంకోటి తినండి. అల్లం పచ్చడి బావుంటుందండి ఇక్కడ.”

తిన్నాను. అల్లం పచ్చడి నిజంగానే బావుంది. అది బావుండకపోయినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆసుపత్రి గోడ గడియారం తొమ్మిదిన్నర చూపిస్తుండగా ల్యాబులోకి వెళ్ళాను. కళ్ళు మూసుకున్నాను. వేలు చివర చీమ కుట్టినట్టయింది, అంతే. ముప్ఫై ఏళ్ళుగా నేను పెంచి పోషించిన భయం అంత చిన్నదని తెలిసి సిగ్గేసింది. ల్యాబు అబ్బాయి పలకని అటూ ఇటూ ఊపాడు. ఒక చుక్క విరిగిన పాలలా ముక్కలైంది. ఇంకో చుక్కా అంతే.

“బి పాజిటివ్ అండి,” అన్నాడు.

నాకు తోడుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డ అతను గట్టిగా నవ్వాడు.

“సరిగ్గా చూడండి బాబూ. ఈయనది ఓ నెగెటివ్ అండి.”

“నేను చూసింది ఇదేనయ్యా.”

“కాదండి, చూడండి,” అంటూ సంచీలోంచి పుస్తకం తీసి, పేజీ తిప్పి, ల్యాబు అబ్బాయి మొహం ముందు పెట్టాడు. “అచ్చులో ఉందండి. అచ్చేసినోళ్ళు తెలీకుండా వేస్తారా?”

ల్యాబు అబ్బాయి నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను. ఆ గచ్చు మీద ఎన్ని పగుళ్ళున్నాయో ఇప్పుడు అడిగినా చెప్పగలను.

“అచ్చుతప్పు పడిందయ్యా,” అన్నాను. “ఒక పేరు పడాల్సిన చోట ఇంకో పేరు పడింది. అసలాయన మా ఊళ్ళోనే ఉన్నాడు. ఇప్పుడే ఫోను చేస్తాను.”

అంత జరిగాక కూడా నేను సీసపు అక్షరాల మీదికే తోసేశాను తప్పుని. అవి నోరున్నవి కావు కాబట్టి సరిపోయింది.

ఎస్టీడీ బూతులోంచి ఎరువుల కొట్టుకి ఫోను చేశాను. ఆయన వీధిలో లైన్లు బాగానే ఉన్నాయి. విషయం చెప్పాను. అవతల నుంచి “వస్తున్నా” అని ఒక్క మాట, ఫోను పెట్టేసిన చప్పుడు. ఎలా వచ్చాడో తర్వాత తెలిసింది. కొట్టు ముందు బస్తాలు దింపుతున్న లారీని సగంలో ఆపి, డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుని, అదే లారీలో రాజమండ్రి వచ్చేశాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు. గల్లాపెట్టె కూడా తాళం వెయ్యలేదు.

అయినా దారిలో రైలు గేటు పడింది. ఆయన ఆసుపత్రి మెట్లెక్కేసరికి పదకొండూ ఇరవై. పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కుని, ఇంకో ఆసుపత్రికి వెళ్ళిపోయారు. మళ్ళీ సాయంత్రం అయిదింటికి గానీ రారు. డ్యూటీ డాక్టరమ్మ నన్నూ అతన్నీ కలిపి తిట్టింది.

“ఈ రక్తం పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి ఉంటే ఈపాటికి ఆపరేషన్ అయిపోయేది. ఇప్పుడు ఆవిడ సాయంత్రం దాకా ఇలాగే ఉండాలి. ఇంకా పోతూనే ఉంది, తెలుస్తోందా మీకు?”

అతను “తెలుస్తోందండి” అన్నాడు, ఆ తిట్లు తనకే వర్తిస్తాయన్నట్టు.

ఎరువుల కొట్టు ఆయన చొక్కా చెయ్యి మడిచి పడుకున్నాడు. సీసా నిండింది. ఆవిడకి ఎక్కించడం మొదలుపెట్టారు. ఆయన లేచి కూర్చుని, నర్సు ఇచ్చిన టీ తాగుతూ, నా వంక చూడకుండానే అన్నాడు.

“పొద్దున్న మా కొట్టు ముందు నుంచే కదండీ వెళ్ళారు?”

“అవునండి.”

“నేను చూశానండి. ఎక్కడికండీ ఇంత పొద్దున్నే అని పిలుద్దామనుకున్నా. గొడుగు అడ్డం పెట్టుకున్నారు.”

నేను చేతిలోని గొడుగు వెనక్కి పెట్టుకున్నాను.

“నా తప్పూ ఉందిలెండి,” అన్నాడాయన. “నా పేరు ఉండాల్సిన చోట ఉంటే అతను నా ఇంటికే వచ్చేవాడు. ఎన్నికల్లో నెగ్గాను కూడా.” టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. సగం తాగలేదు.

ఆ పగలు అంత పొడుగ్గా సాగుతుందని నాకు తెలియదు. అతను మంచం పక్కన నేల మీద కూర్చుని, అరగంటకోసారి పెళ్ళాం అరికాళ్ళు పట్టుకుని వేడి ఉందో లేదో చూసేవాడు. మధ్యాహ్నం ఆవిడకి చలి పుట్టి వణికింది. అతను తన తువ్వాలు కప్పాడు, చాలక నా గొడుగు గుడ్డ వంక చూశాడు. నేను నా చొక్కా విప్పి ఇచ్చాను. ఇవ్వబోయే ముందు బిళ్ళ తీసి ప్యాంటు జేబులో వేసుకోవడం ఒక్కటి గుర్తుపెట్టుకున్నాను, అది గుచ్చుకుంటుందని. బనీనుతో ఆ వరండాలో నిలబడ్డప్పుడు, దాచుకోవడానికి ఇంకేమీ మిగల్లేదనిపించింది.

అతన్ని బయటికి పిలిచాను.

“అచ్చుతప్పు కాదయ్యా,” అన్నాను. “పేజీ ఖాళీగా ఉందని నేనే వేసుకున్నాను. నా గ్రూపు నాకు తెలియదు. అసలాయన గ్రూపు నాకు తెలుసు. పొద్దున్న నువ్వొచ్చినప్పుడు కూడా తెలుసు.”

కొడతాడనుకున్నాను. కొడితే బావుండునని కూడా అనుకున్నాను. క్వింటాలు బస్తా మోసే చెయ్యి, ఒక్కటి చాలు నాకు. అతను సంచీలోంచి పుస్తకం తీసి, తడిసిన అట్టని మోచేత్తో తుడిచాడు.

“ఇందులో ఇలాంటియి ఇంకా ఎన్ని ఉన్నాయండి?” అని అడిగాడు.

నాకు తెలియదు. ఆ సంగతే చెప్పాను.

అయిదున్నరకి ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళారు. ఏడింటికి బయటికి తెచ్చారు. గడ్డ తీసేశారు, బతికింది. పన్నెండు రోజులు ఉండాల్సొచ్చింది. పొద్దున్నే జరిగి ఉంటే వారంలో ఇంటికి పంపేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. ఆ అయిదు రోజులు నావి. వాటిని ఇంకెవరి ఖాతాలోనూ వెయ్యలేను.

అతని ప్రశ్నకి జవాబు వెతకడానికి మాకు మూడు నెలలు పట్టింది. ఎరువుల కొట్టు ఆయనా నేనూ ల్యాబు మనిషిని మళ్ళీ పిలిపించి, అడిగి రాసుకున్నవాళ్ళందరి వేళ్ళూ గుచ్చాం. సగానికి సగం తారుమారయ్యాయి. అధ్యక్షుల వారు బి అని తేలి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పప్పుల వ్యాపారి, తోడు కోసం వెళ్ళిన పేజీలోంచి ఒంటరిగా ఇవతలికొచ్చాడు. గవర్నరు గారు మెచ్చిన పుస్తకాన్ని వెనక్కి తెస్తే క్లబ్బు పరువు పోతుందని కొందరన్నారు. “పోనివ్వండి,” అన్నాడు ఎరువుల కొట్టు ఆయన. “నా పేరు నెగెటివ్ కిందే పెద్దక్షరాల్లో వెయ్యండి. కరపత్రం వేస్తే వేసుకోమనండి.” ఎవరూ వెయ్యలేదు.

పాత పుస్తకాలు ఏరుకొచ్చే పని నాది. సైకిలు మీద ఆసుపత్రి ఆసుపత్రికీ తిరిగాను. కొన్ని దొరికాయి. కొన్నిట్లో మందుల చీటీలు రాసి చింపేశారు. ఒక నర్సింగ్ హోములో ఫోను పక్కన దారంతో వేలాడదీసి ఉంటే, “ఇది చాలా పనికొస్తోందండి, ఇవ్వం” అంది అక్కడి నర్సమ్మ. ఆ మాట విని మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎవరికి పనికొచ్చిందో, ఎలా పనికొచ్చిందో అడగడానికి నోరు రాలేదు. కొత్త పుస్తకం చేతిలో పెట్టి, పాతది లాక్కొచ్చాను.

చిట్టచివరికి ఒకే ఒక్క ప్రతి మిగిలింది, మండపేటలో, అతని ఇంట్లో.

మిల్లు వెనక రేకుల ఇల్లు. నేను వెళ్ళేసరికి అతను పనిలో ఉన్నాడు. ఆవిడ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. పెదాలకి రంగొచ్చింది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది.

“రండి బాబుగారూ, కూర్చోండి,” అని చాప వేసింది.

“పుస్తకం కోసం వచ్చానమ్మా. దాంట్లో తప్పులున్నాయి. కొత్తది తెచ్చాను.”

ఆవిడ లోపలికి వెళ్ళి, దేవుడి పటాల దగ్గర నుంచి పుస్తకం తెచ్చింది. ఓ నెగెటివ్ పేజీ దగ్గర మధ్యకి మడిచి ఉంది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు. ఈవిడ నా పేరుకి బొట్టు పెట్టుకుని రోజూ దణ్ణం పెడుతోందా? ఇక ఊరుకోలేకపోయాను.

“అమ్మా, ఒక మాట వినండి. ఆ రోజు మీ ఆయనకి చెప్పాను గానీ మీకు చెప్పలేదు. ఆ పేరు…”

“తెలుసండి. ఇంటికొచ్చాక ఆయన చెప్పాడు.”

“మరి ఈ బొట్టు?”

ఆవిడకి అప్పుడర్థమైంది నేనేమనుకున్నానో. నవ్వొచ్చి, పెద్దవాడి ముందు నవ్వకూడదని చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పుస్తకం నా దగ్గరగా తెచ్చి చూపించింది. బొట్టు ఉన్నది నా పేరు మీద కాదు. దాని కింద, బాల్‌పెన్నుతో, చదువు అంతగా రాని చెయ్యి కష్టపడి రాసిన వంకర అక్షరాల్లో ఎరువుల కొట్టు ఆయన పేరూ కొట్టు చిరునామా ఉన్నాయి. నా పేరు మీద నిలువునా అడ్డంగా నాలుగైదు గీతలు, కాగితం చిరిగేంత గట్టిగా గీసి ఉన్నాయి.

“మీ పేరు మేమే కొట్టేశామండి,” అందావిడ. “పక్కింటోళ్ళెవరైనా అడిగితే తప్పు మనిషి దగ్గరికి వెళ్తారని. ఏమీ అనుకోకండేం.”

“లేదమ్మా,” అన్నాను. “ఏమీ అనుకోను.”

ఆ ప్రతిని వెనక్కి అడగలేదు.